పాయికిలోసైటోసిస్ అంటే ఏంటని అడిగావు కదా

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ సూరీ,

మొన్న ఫోన్లో సగమే చెప్పాను. "ఆ మాటేంట్రా, నోరు తిరగట్లేదు" అన్నావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. తెలుగు మాస్టారివి కదా, నీకు పనికొచ్చే ముక్క కూడా ఒకటుంది, చివరిదాకా చదువు.

ప్లస్ టూ చదివే మా మేనకోడలు నీకు తెలుసుగా. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కాలేజీ నుంచి రాగానే పడక. పరీక్షల టెన్షన్ అనుకున్నాం. పెదాలు పాలిపోయాక రక్తపరీక్షకి తీసుకెళ్ళాం. సాయంత్రం ల్యాబ్‌లో కవరు చేతిలో పెట్టి డబ్బులు తీసుకున్నారు, ఒక్క మాట చెప్పలేదు. హిమోగ్లోబిన్ 7.4, బాగా తక్కువ. దాని కింద 'మోడరేట్ ఎనైసోపాయికిలోసైటోసిస్, పెన్సిల్ సెల్స్ ప్లస్' అని ఉంది. చెల్లి ఆ పెద్ద మాట ఒక్కటే ఫోన్లో వెతికింది, క్యాన్సర్ అన్న మాట కంటపడింది. అంతే, ఆ రాత్రి ఇంట్లో పొయ్యి వెలగలేదు. అమ్మ దేవుడి గదిలోంచి బయటికి రాలేదు.

నాకు ఇప్పటికీ కడుపు రగులుతోందిరా. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కొండ దిగి వచ్చేవాళ్ళది సవర. ఈ మూడింట్లో ఏదో ఒకదాన్లో "ఇది జబ్బు పేరు కాదమ్మా, డాక్టరుకి చూపించండి" అని ఒక్క వాక్యం చెప్పొచ్చు కదా! గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని పుస్తకాలు రాసిన మనిషి తిరిగిన వీధులివి.

మర్నాడు పిల్లని తీసుకుని, ఇంకో ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేసే మా పెదనాన్న గారి అబ్బాయి దగ్గరికి వెళ్ళాను. అన్నయ్య ముందు నా వేలు గుచ్చాడు. బొట్టుని గాజుపలక మీద పెట్టి, ఇంకో పలక అంచుతో ఒక్క లాగు లాగాడు. రక్తం నాలుక ఆకారంలో పలచగా పరుచుకుంది. ఆరాక లీష్మన్ రంగు పోసి, కడిగి, నూనె చుక్క వేసి, మైక్రోస్కోప్ కింద పెట్టి "చూడు" అన్నాడు. ఎర్రకణాలన్నీ గుండ్రంగా, ఒకే సైజులో, చిల్లు పడీ పడని గారెల్లాగా మధ్యలో కొంచెం లేతగా ఉన్నాయి. ఒక్కొక్కటీ 7, 8 మైక్రాన్లేనట, మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

తర్వాత పిల్లది. అయ్యో అనిపించిందిరా. గారెకి చిల్లే మిగిలి, పిండి అంచున సన్నటి గీతలా ఉంది. కొన్ని మరీ చిన్నవి, కొన్ని పెద్దవి. అక్కడక్కడ సన్నగా, పొడుగ్గా, పుల్లముక్కల్లాంటివి. "ఇవే పెన్సిల్ సెల్స్" అన్నాడు.

అప్పుడు విడమరిచి చెప్పాడు. ఎనైసో అంటే సమానం కానిది, పాయికిలో అంటే రకరకాలది, సైటో అంటే కణం. సైజులు తేడాగా ఉంటే ఎనైసోసైటోసిస్, ఆకారాలు తేడాగా ఉంటే పాయికిలోసైటోసిస్, రెండూ ఉంటే కలిపి రాస్తారు. ఎంత తేడా ఉందో మైల్డ్, మోడరేట్ అని ముందు తగిలిస్తారు. అమ్మకి ఇంటికొచ్చి చెప్తే, "అంటే బియ్యంలో నూకలూ తాలూ కలిసినట్టా?" అంది. ఇంతకంటే మంచి అర్థం నిఘంటువులో దొరకదు. నూకలు సైజుకి, తాలు ఆకారానికి. బియ్యంలో నూకలున్నాయంటే కారణం మిల్లో, ధాన్యమో వెతకాలి గానీ, నూక అనేదే ఒక తెగులు కాదు కదా. ఇదీ అంతే. కంటికి కనిపించినదాని వర్ణన.

నీ ముక్క ఇదిగో. ఆ గ్రీకు పాయికిలోస్, మన కావ్యాల్లో కనిపించే 'పేశలం' ఒకే పాత ధాతువు నుంచి వచ్చినవట. అక్కడ చిత్రవర్ణం, ఇక్కడ సొగసు.

అందుకే అసలు చూడాల్సింది ఆ పెద్ద మాట తర్వాత ఏముందన్నది. పెన్సిల్ కణాలంటే ముందు ఐరన్ లోపాన్ని అనుమానిస్తారు. కన్నీటిబొట్టులాంటివి, మధ్యలో చుక్కతో గురిపలకల్లాంటివి, కొడవలి కణాలు, ఒక్కోటి ఒక్కో దారి చూపిస్తుంది. సికిల్ సెల్, అంటే ఆ కొడవలి కణాల జబ్బు, దాని భయం మా వైపు ఉత్త భయం కాదు, ఒడిశాలో చాలా కుటుంబాల్లో ఉంది. 1910లో షికాగోలో హెరిక్ అనే డాక్టరు ఒక విద్యార్థి రక్తంలో కనిపించిన ఆ కొడవలి ఆకారాల గురించి రాసిపెట్టాడు. ఆ జబ్బు లోగుట్టు తెలియడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. సైజు తేడాని మిషన్ కూడా ఆర్‌డీడబ్ల్యూ అని లెక్కగట్టి ఇస్తుంది. ఆకారం సంగతి తేల్చాలంటే పలక మీద చూడాల్సిందే.

బరంపురంలో డాక్టరమ్మ హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష చేయించి సికిల్ లేదని తేల్చింది. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ మరీ తక్కువ. తలుపు వేసి పిల్లతో పావుగంట మాట్లాడాక అసలు సంగతి బయటపడింది. రెండేళ్ళుగా నెలసరిలో విపరీతంగా పోతోందట, సిగ్గుపడి వాళ్ళమ్మకి కూడా చెప్పలేదు. దానికి వేరే మందిచ్చి, ఐరన్ మాత్రలు రాసింది. నిమ్మరసంతో వేసుకోమంది, టీతో కలపొద్దంది, విరేచనం నల్లగా అయితే కంగారుపడొద్దంది.

నెల తర్వాత రిపోర్టు నిన్ననే వచ్చింది. హిమోగ్లోబిన్ 9.6. కింద మళ్ళీ అదే మాట, ఎనైసోపాయికిలోసైటోసిస్! ఆర్‌డీడబ్ల్యూ అయితే ఇంకా పెరిగింది. ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు కదా, పాత తాలు ఇంకా పోలేదు, ఐరన్ అందుకుని పుట్టిన నిండు కణాలు పక్కన చేరాయి. తేడా పెరగడం ఇప్పుడు మంచి గుర్తు. చెల్లి ఆ కాగితం చదివి, మడిచి బీరువాలో పెట్టి, పిల్లకి నిమ్మకాయ కోయడానికి లేచింది.

పండక్కి వదినని, పిల్లల్ని తీసుకురా.

నీ
రాము