వార్షిక నివేదిక 2024–25: సముద్ర విజ్ఞాన కోశం, దాని సంపాదక నియమావళి

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సోదర సోదరీమణులకు నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మళ్లీ చెప్పి మీ సమయం తీసుకోను. నిరుటి సమావేశం కార్యవర్గానికి అప్పగించిన పెద్ద పని ఒక్కటే: మనందరం కలిసి రాస్తున్న అంతర్జాల సముద్ర విజ్ఞాన కోశానికి రాతపూర్వకమైన సంపాదక నియమావళి తయారు చేయడం. ఆ పని పూర్తయింది. దాని ప్రతి ఒకటి మీ కుర్చీల మీదే ఉంది. దయచేసి దానితో విసురుకోకుండా ఒకసారి తెరిచి చూడండి.

ముందుగా కృతజ్ఞతలు. ముసాయిదాను మొదటి నుంచి చివరి దాకా దిద్దిన విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలికి, చట్టం భాగాలు చూసిపెట్టిన న్యాయవాది మిత్రుడికి, డాలస్‌లో ఉంటూ మన పగలు తన రాత్రి అయినా సర్వరు ఆగకుండా కాపాడుతున్న సభ్యుడికి, పుడిమడక, ముత్యాలమ్మపాలెం, భీమిలి నుంచి వచ్చి తమకు తెలిసింది చెప్పిన పెద్దలకు, వారి మాటలు రికార్డు చేసి అక్షరాల్లో పెట్టిన డిగ్రీ విద్యార్థులకు సంఘం రుణపడి ఉంది. పేర్లన్నీ అనుబంధంలో ఉన్నాయి. ఎవరి పేరైనా జారిపోతే సభ ముగిసేలోగా నాకు చీటీ ఇవ్వండి.

ఇంతకాలం లేని నియమాలు ఇప్పుడెందుకు అని కొందరు అడిగారు. రింగు వలల (చేపల గుంపును చుట్టుముట్టి పట్టే పెద్ద వలలు) వ్యాసం గుర్తు చేస్తే చాలు. జనవరి 2022లో విశాఖ తీరంలో ఆ వలలు వాడేవారికీ వద్దనేవారికీ మధ్య గొడవ ఎంతదాకా వెళ్లిందో మనకు తెలుసు. మన కోశంలో అదే గొడవ నిరుడు మళ్లీ జరిగింది, పడవలకు బదులు వాక్యాలతో. ఒక ఊరి కుర్రవాడు రాత్రి రాసింది పొద్దున్నకి ఉండేది కాదు. పక్క ఊరి కుర్రవాడు తీసేసేవాడు. ఇద్దరూ మన సభ్యులే, ఇద్దరిదీ బతుకుతెరువే. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపల మర పడవలు వేటాడరాదన్న నిబంధన ఏ చట్టం కింద వచ్చిందో (1994 నాటి రాష్ట్ర సముద్ర చేపల వేట క్రమబద్ధీకరణ చట్టం) ఇద్దరూ రాయలేదు. రాసి ఉంటే సగం వాదన అక్కడే తేలేది. ఇప్పుడు నియమం ఏమిటంటే, ఒక విషయంలో లాభనష్టాలు ఉన్నవారు ఆ వ్యాసాన్ని నేరుగా దిద్దరు. తమ మాటను చర్చ పుటలో రాస్తారు. సంబంధం లేని మూడో వ్యక్తి రెండు వాదనలనూ వ్యాసంలో పెడతాడు. చట్టంలో ఏముందో యథాతథంగా ఇచ్చి, ఎవరేమంటున్నారో తరువాత ఇవ్వాలి.

రెండో నియమం సంతకం. పేరు లేకుండా ఎవరూ రాయరాదు. దీనికి బెల్జియంలోని ఓస్టెండ్‌లో ఉన్న ఫ్లాండర్స్ సముద్ర సంస్థ నడిపే కోస్టల్ వికీ అనే అంతర్జాల కోశాన్ని ఆదర్శంగా తీసుకున్నాం. అక్కడ ప్రతి వ్యాసం కింద ప్రధాన రచయిత ఎవరో కనిపిస్తుంది, తరువాత ఇతరులూ దిద్ది ఉండవచ్చన్న మాటా ఉంటుంది. మన దగ్గర రచయిత పేరు, సమీక్షకుడి పేరు రెండూ ఉంటాయి. శాస్త్రీయ నామాల విషయంలో మనకు సొంత అభిప్రాయాలు వద్దు. అదే ఊరిలో ఉండే ప్రపంచ సముద్ర జీవుల పట్టిక, అంటే వార్మ్స్, ఏ పేరును చెల్లుబాటుగా చూపిస్తే అదే రాస్తాం, దాని గుర్తింపు సంఖ్యతో సహా. ఒక్కో జీవజాతి సమూహానికి ఒక్కో నిపుణుడు బాధ్యత తీసుకొని దిద్దే పట్టిక అది. మనం ఇక్కడ ఓట్లు వేసి తేల్చేది కాదు. ఇక తెలుగు పేర్ల సంగతి. ఒకే చేపకు రెండు పేర్లున్నాయని, కోనెం అని శీర్షిక పెట్టిన వ్యాసాన్ని వంజరం అని మార్చడం, మళ్లీ కోనెం చేయడం ఇకమీదట కుదరదు. మొదట రాసినవారి శీర్షిక నిలుస్తుంది, మిగతా పేర్లన్నీ మొదటి వాక్యంలోనే వస్తాయి, ఏ పేరుతో వెతికినా ఆ వ్యాసమే తెరుచుకుంటుంది.

అసలు రగడ మూడో నియమం మీద. అచ్చులో లేని మాట, అంటే వేటగాడు నోటితో చెప్పిన మాట, వ్యాసానికి ఆధారంగా చెల్లుతుందా చెల్లదా? సంపాదక వర్గంలో దీని మీద ఆవేశాలు పెరిగాయి. జ్ఞాపకం తప్పవచ్చు, రెండు ఊళ్లు రెండు మాటలు చెప్పవచ్చు, పుస్తకమో పరిశోధన పత్రమో లేనిదే ఒక్క వాక్యమూ ఒప్పుకోరాదని ఒక పక్షం. ఆ పక్షంలో చదువుకున్నవారు ఎక్కువ, వారి భయం అర్థం లేనిదీ కాదు. కానీ ఆ పద్ధతే పాటిస్తే మన తీరంలో గాలి తిరగడం చూసి వల ఎప్పుడు దించాలో, ఒడ్డున ఏ కొండ ఏ కొండను కప్పితే కింద రాతి నేల ఉందో, ఏ నెలలో ఏ చేప ఏ లోతుకు వస్తుందో తెలుగులో ఎక్కడా ఉండదు. పరిశోధన పత్రాలు ఇంగ్లీషులో ఇప్పటికే ఉన్నాయి. వాటిని తెలుగులోకి దించడం మంచి పనే, కాని అంతమాత్రానికి ఈ సంఘం అక్కర్లేదు.

ఈ వాదనకు గదిలో కూర్చుని తీర్పు చెప్పడం ఇష్టం లేక, ఈ ఏడాది మన ముఖ్య కార్యక్రమాన్ని దాని చుట్టూనే పెట్టాం. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు. పడవలు ఒడ్డున ఉండి, మనుషులు వలలు బాగు చేసుకుంటూ దొరికే కాలం అదే. మేలో పెడదామంటే 13న పోలింగు. ఓట్ల లెక్కింపు అయ్యేదాకా సభకు అనుమతి గురించి అడగవద్దన్నారు. లెక్కింపు జూన్ 4న అయింది. 14తో నిషేధం ముగుస్తుంది. ఆ మధ్య వచ్చిన ఒకే ఒక్క ఆదివారం, 9వ తేదీన, భీమిలిలో ఒక పాఠశాల ఆవరణలో సభ జరిపాం. సంఘం చరిత్రలో ఇంత మంది వచ్చిన సభ లేదని పాత కార్యదర్శి గారే అన్నారు. ఆయన అంత తేలిగ్గా మెచ్చుకునే మనిషి కాదు.

ఆ రోజు గోడలకు తగిలించినవి 1803లో లండన్‌లో అచ్చయిన పాట్రిక్ రస్సెల్ చిత్రాల నకళ్లు. ఈస్టిండియా కంపెనీ కొలువులో 18వ శతాబ్దం చివర ఈ తీరంలో ఉన్న వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త ఆయన. రక్తపింజరికి ఇంగ్లీషులో ఉన్న పేరు ఆయనదే. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపలను రెండు సంపుటాల్లో బొమ్మలతో వర్ణించి, ఇక్కడివారు పిలిచే పేర్లను తన చెవికి వినిపించినట్టు రాసుకున్నాడు. చిత్రాల కింది ఇంగ్లీషు అక్షరాలను కాగితంతో కప్పి, పెద్దలను ఒక్కొక్క బొమ్మ ముందుకు తీసుకెళ్లి అడిగాం. కానాగడత బొమ్మ దగ్గర తడుముకున్నవారు లేరు. రస్సెల్ రాసుకున్నదీ అదే పేరు, కానగుర్త అని. కొద్ది సంవత్సరాలకే ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే ఆ మాటనే శాస్త్రీయ నామంలోకి తీసుకున్నాడు. నేటికీ ప్రపంచమంతా ఆ చేప రాస్ట్రెల్లిగర్ కానగుర్తానే. కొన్ని బొమ్మల దగ్గర పెద్దలు ఒకరితో ఒకరు గట్టిగా విభేదించారు, కొన్నింటి దగ్గర ఇలాంటిది ఇప్పుడు పడటం లేదన్నారు. అవన్నీ రికార్డయ్యాయి. విశాఖ రేవులో ఒక జాలరి నోటిమాట కువియేకు ఆధారంగా పనికొచ్చినప్పుడు మన కోశానికి ఎందుకు పనికిరాదని ఆ మధ్యాహ్నం నేను అడిగాను. జవాబు ఇంకా రాలేదు.

అయినా అచ్చు ఆధారమే కావాలన్న పక్షం పట్టుబట్టినందువల్లే నియమం గట్టిగా తయారైందని ఒప్పుకోవాలి. నోటిమాట ఆధారంగా చెల్లే విషయాలు: చేపల పేర్లు, కాలాలు, గాలులు, నీటి వాలు, వలలు, తెప్పలు కట్టే పద్ధతి, చూసిన తుపాన్ల జ్ఞాపకాలు. చెల్లనివి: మందుగా పనిచేస్తుందన్న మాటలు, చట్టం, మృతుల సంఖ్యలు, రేపటి వాతావరణం. చెప్పినవారి పేరు వారి ఇష్టం మీద, ఊరు, తేదీ తప్పనిసరి. అన్నిటికన్నా ముఖ్యంగా, రాసింది ప్రచురించే ముందు చెప్పినవారికి చదివి వినిపించాలి. వారు వద్దన్న వాక్యం తీసేయాలి. చేపలు పడే చోట్లు, సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు కచ్చితంగా తెలిసేలా ఎవరూ రాయరాదు. మొదటిది ఒక కుటుంబం ఆస్తి, రెండోది దొంగలకు దారి చూపడం.

అంకెల విషయం. రాష్ట్ర తీరం పొడవు 974 కిలోమీటర్లని చిన్నప్పటి నుంచి చదివాం. కేంద్ర హోం శాఖ 2023–24 వార్షిక నివేదికలో అది సుమారు 1,053 అయింది, దేశం మొత్తానిది 7,516 నుంచి 11,098కి పెరిగింది. సముద్రం వెనక్కి జరిగిందా అని ఒక సభ్యుడు ఫోను చేసి అడిగారు. జరగలేదు. పాత లెక్క చిన్న స్కేలు పటాల మీద వేసింది, కొత్తది 1:2,50,000 స్కేలు మీద వేసింది. పటం వివరంగా ఉన్నకొద్దీ ప్రతి వంపూ, ప్రతి కయ్యా లెక్కలోకి వస్తుంది. కాబట్టి ఇకపై ఏ అంకె రాసినా ఎవరు, ఏ సంవత్సరంలో, ఎలా కొలిచారో దాని పక్కనే ఉండాలి. 19 నవంబరు 1977 దివిసీమ ఉప్పెన మృతుల విషయంలోనూ ఇంతే. ప్రభుత్వ లెక్క ఒకటి, ఇతరుల అంచనాలు అంతకు మించి. ఒకదాన్ని ఎంచుకొని మిగతావి చెరిపేయడం మన పని కాదు.

అక్టోబరులో దానా తుపాను ఒడిశా తీరం వైపు వెళుతున్నప్పుడు ఎవరో మన కోశంలోని హుద్‌హుద్ వ్యాసంలో ఆ రోజు గాలి వేగాలంటూ ఏవో పెట్టారు. హుద్‌హుద్ తీరం దాటింది 12 అక్టోబరు 2014న. పదేళ్ల కిందటి పుటను ఆ రాత్రి జనం హెచ్చరికగా పంచుకున్నారు. ఇక నుంచి తుపాను కాలంలో వాతావరణ పుటలన్నీ మార్పులకు మూసేస్తాం. పైన ఒకే వాక్యం ఉంటుంది: తుపానుకు విశాఖలోని తుపాను హెచ్చరిక కేంద్రం, సముద్రం స్థితికి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం) చెప్పేది చూడండి అని. జోస్యం మన పని కాదు.

బొమ్మల గురించి రెండు మాటలు. వాట్సాప్‌లో వచ్చింది ఎవరి సొత్తూ కాదనుకోకండి. తీసినవారు ఒప్పుకుంటేనే పెట్టాలి. రస్సెల్ చిత్రాలకు ఆ బాధ లేదు, హక్కులు ఎప్పుడో తీరిపోయాయి. మన వ్యాసాలను పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, అదే మనం పెట్టుకున్న లైసెన్సు. పేరు చెప్పకుండా పోటీ పరీక్షల పుస్తకంలో అచ్చేసిన వారికి ఉత్తరం రాశాం. తరువాతి ముద్రణలో చూస్తామన్నారు. యంత్రం రాసిన వ్యాసాలను మనిషి చదివి, ఆధారాలు తెరిచి చూసి, తన పేరు పెట్టుకుంటేనే తీసుకుంటాం.

ఒక ప్రభుత్వ కార్యాలయం దగ్గర పాత చేపల వేట సర్వే పుస్తకాలు బీరువాల్లో ఉన్నాయి. నకళ్లు తీసుకోవడానికి అనుమతి కోసం వేసవిలో దరఖాస్తు పెట్టాం. మొదట ఎన్నికలన్నారు. తరువాత కొత్త అధికారి రావాలన్నారు. వచ్చిన అధికారి మర్యాదగా కాఫీ ఇప్పించి, ఫైలు పైకి పంపానన్నారు. పై అంతస్తులో అడిగితే కింద ఉందంటున్నారు. చెదలకు మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇంటివారి సంగతి కూడా చెప్పాలి. నియమావళి చర్చల్లో కామా ఎక్కడ ఉండాలో గంటల తరబడి మాట్లాడినవారిలో చాలామంది ఏడాదంతా ఒక్క వ్యాసమూ రాయలేదు, ఒక్కటీ సమీక్షించలేదు. సమీక్షకుడు పదిహేను రోజుల్లో జవాబివ్వాలన్న గడువు పెట్టమని పట్టుబట్టింది వారే. ఆ గడువు దాటి వారి దగ్గరే పడి ఉన్న వ్యాసాల జాబితా నా దగ్గర ఉంది. భీమిలి సభకు ముందు రోజు కుర్చీలు వేస్తామన్న కార్యకర్తలు కనిపించకపోతే అక్కడి మహిళలు, పిల్లలు వేశారు. పేర్లు చదవను. వారు ఈ రోజు మొదటి వరుసలోనే కూర్చున్నారు.

జమాఖర్చుల పట్టిక జతపరిచాం, లెక్కల తనిఖీ సంతకం అయింది. సర్వరు అద్దె, భీమిలి భోజనాలు, చిత్రాల నకళ్లు పెద్ద ఖర్చులు. చందా బకాయిలు అలాగే ఉన్నాయి. మిగతా ప్రశ్నలకు కోశాధికారి గారు సమాధానమిస్తారు.

సభ ముందు రెండు తీర్మానాలు ఉంచుతున్నాను. మొదటిది సంపాదక నియమావళి ఆమోదం. నోటిమాట నియమం మీద ఒక సవరణ వచ్చింది: ఒకే ఊరి నుంచి ఇద్దరు చెబితేనే ఆధారమని. నేను దానికి వ్యతిరేకం. ఒక్కరికే తెలిసిన విషయాలు ఎన్నో ఉన్నాయి, ఒక్కరే చెప్పారని రాస్తే చాలు. ఓటు మీది. రెండోది సమీక్షకుల ఎన్నిక. పేరు ఇచ్చేవారు తమ సంచిలో కనీసం ఒక వ్యాసం ఉన్నట్టు చూపాలని కార్యవర్గం కోరుతోంది. నామినేషన్ పత్రాలు తలుపు పక్క బల్ల మీద ఉన్నాయి. భోజనాల తరువాత హాలు ఎలా ఉంటుందో తెలిసిందే కాబట్టి, చేతులెత్తే కార్యక్రమం భోజనాలకు ముందే ముగించాలని అధ్యక్షుల వారిని కోరుతున్నాను.

ఇట్లు,
ప్రధాన కార్యదర్శి