నైరోబీలో పొద్దున్న ఏడింటికి ఒంటిగంట

ఒరే బావా,

ఆఫ్రికాలో బడి ఎలా ఉంటుందిరా అని అడిగావు. ఆఫ్రికా అంతా నాకేం తెలుసు, కెన్యా రాజధాని నైరోబీలో మా బడి సంగతి చెబుతా. మాది డే స్కూలు. ఎనిమిదింటికి మొదలు, మూడున్నరకల్లా పసుపు బస్సులు పిల్లల్ని తీసుకుని వెళ్లిపోతాయి. హాస్టలూ లేదు, రాత్రి స్టడీ అవరూ లేదు. విజయవాడలో పద్నాలుగేళ్లు పొద్దున్నించి రాత్రిదాకా పాఠాలు చెప్పినవాణ్ణి కదా, మొదటి నెల సాయంత్రాలు ఏం చెయ్యాలో తోచేది కాదు. ఊరు దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. జూలైలో స్వెటర్ వేసుకునే పాఠం చెబుతాను.

అసలు చెప్పాలనుకున్నది వేరే. నా క్లాసులో బోర్డు ఊడిపోతే, బాగుచేసే ఫుండి "సా నానే"కి వస్తాడని వాచ్‌మన్ చెప్పాడు. ఇక్కడ పనివాళ్లని ఫుండి అంటారు. ఇక్కడి స్వాహిలీ భాషలో సా అంటే గంట, నానే అంటే ఎనిమిది. మర్నాడు పొద్దున్నే ఎనిమిదింటికి నిలబడ్డాను. ఎవరూ రాలేదు. నాకు కోపం వచ్చి, క్లాసులో ఆ మాటే అన్నాను. ఎనిమిదో క్లాసు పిల్ల ఒకతి లేచి, "సార్, ఆయన రెండింటికి వస్తాడు" అంది. వచ్చి, ఊగుతున్న ఆ బోర్డు మీదే గడియారం గీసింది. చిన్న ముల్లు రెండు మీద పెట్టి, దానికి ఎదురుగా ఉన్న ఎనిమిది చుట్టూ సున్నా చుట్టింది. స్వాహిలీలో గంటలు పొద్దు పొడిచే వేళ నుంచి, అంటే మన ఆరింటి నుంచి లెక్క. ఏడు గంటలంటే "సా మోజా", మొదటి గంట.

ఇక్కడ భూమధ్యరేఖ దగ్గర కాబట్టి ఏడాదంతా సూర్యుడు ఇంచుమించు ఆరున్నర ప్రాంతంలోనే వస్తాడు. అందుకే ఆ లెక్క చెడదు. కొరియా పిల్లవాడొకడు "ఎదురుగా ఉన్న అంకే ఎందుకు, ఆరు కలిపితే రాదా?" అన్నాడు. ఆరు కలిపినా, ఆరు తీసేసినా ఒకటేనని వాళ్లంతట వాళ్లే తేల్చడానికి పీరియడంతా పట్టింది. నేను చెప్పాలనుకున్న పాఠం ఆ రోజు మొదలే కాలేదు. మన తాతలు కూడా రోజుకి 60 గడియలని, సూర్యోదయం నుంచే లెక్కపెట్టేవాళ్లని చెబితే, ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది బావా. రెండింటికి ఫుండి కూడా వచ్చాడు.

విజయవాడలో ఇలా ఎవరైనా "ఎందుకు" అని అడిగితే, "ముందు బిట్లు పూర్తి చెయ్యి" అనేవాణ్ణి. ఎంతమందిని అలా కూర్చోబెట్టానో తలుచుకుంటే బాధగా ఉంటుంది. ఇక్కడ మా పిల్లలు రాసే కేంబ్రిడ్జి బోర్డు పరీక్ష పేపర్లలో జవాబు తప్పినా, దారి సరిగా ఉంటే ఆ దారికి మార్కులుంటాయి. దిద్దేటప్పుడు పిల్ల ఎక్కడిదాకా సరిగ్గా నడిచిందో వెతకాలి. అలా వెతకడం నాకు ఈ వయసులో కొత్తగా అలవాటవుతోంది.

లంచ్‌లో డబ్బాలు చూడాలి నువ్వు. ఒకడి డబ్బాలో ఉగాలీ అనే మొక్కజొన్న పిండి ముద్ద, సుకుమా వీకీ అనే ఆకుకూర, పక్కవాడి డబ్బాలో గుజరాతీల మెంతి రొట్టె థేప్లా. 1896లో మొంబాసా రేవు నుంచి రైలు పట్టాలు వెయ్యడానికి మన దేశం నుంచి వేలమందిని తెచ్చారు కదా, ఆ తర్వాత వచ్చిన గుజరాతీల మునిమనవలు నా క్లాసులో స్వాహిలీలో పోట్లాడుకుంటారు. 2017లో ఇక్కడి ప్రభుత్వం ఈ ఆసియా వాళ్లని దేశంలో 44వ తెగగా గుర్తించింది. చపాతీ మాత్రం ఎవరిదంటే అందరూ మాదే అంటారు.

నీతో ఒక పని ఉంది. మా వాళ్లు నైరోబీ సూర్యోదయాల గ్రాఫ్ గీశారు, దాదాపు గీతలా వచ్చింది. విజయవాడలో జూన్‌కీ జనవరికీ గంట దాకా తేడా ఉంటుందంటే ఆ పిల్ల నమ్మట్లేదు. నీ తొమ్మిదో క్లాసు వాళ్ల చేత ఓ వారం బ్యారేజీ దగ్గర పొద్దు పొడిచే వేళ రాయించి, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు. రోజూ వచ్చి అడుగుతోందిరా.

నీ బావ