పూలు రాలగానే కత్తెర పెట్టు, చిన్నీ

జయనగర్, బెంగళూరు
మే 18

చిన్నీ,

నువ్వు పంపిన ఫోటో పెద్దది చేసి ఎన్నిసార్లు చూశానో. రాతిగోడ మీద పాకిన ఆబ్రియేటా పూలమొక్క నడిమధ్య బోడిగా, పుల్లలు తేలి ఉంది. "ముసలిదైపోయిందమ్మా, పీకేస్తా" అన్నావు. పీకకు తల్లీ. పూలు రాలిపోగానే సగానికి కత్తిరించు. కింద కాసిని పచ్చటి ఆకులు మిగలనియ్యి, ఎండుపుల్లల దాకా కోస్తే చిగురు రావడం కష్టం. పోయినేడు జాలిపడి కత్తెర పెట్టలేదుగా, అందుకే చివర్లే సాగి మధ్యలో బోసిపోయింది.

కోసినవాటిలో పువ్వు లేని లేత కొమ్మలు, వేలెడు పొడవువి, ఓ పది ఏరి ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి నీడన పెట్టు. ఈ మొక్క కొన్నేళ్ళకు డస్సిపోయే రకమే. పిల్లమొక్కలు చేతిలో ఉంటే బెంగ ఉండదు.

పశువుల ఎరువు బాగా వేశానన్నావు, అదే నాకు నచ్చలేదు. బలమైన నేలలో ఆకే పెరుగుతుంది, పువ్వు తగ్గుతుంది. దానికి ఎండ కావాలి, నీళ్ళు నిలవని గులకనేల కావాలి, కాస్త సున్నం కావాలి. నిన్న లాల్‌బాగ్ బండ మీద కూర్చుని ఇదే అనుకున్నాను. 300 కోట్ల ఏళ్ళ నాటి రాయి అది. పగుళ్ళలో చెంచాడు మట్టి చాలు, గడ్డి లేస్తోంది. దానికి ఎవరు ఎరువు వేశారు?

నేనూ ఇక్కడ ఆబ్రియేటా గింజలు చల్లాను, నీకు చెప్పలేదు. మొలిచాయి, పచ్చగా పాకాయి, ఒక్క మొగ్గా తొడగలేదు. గ్రీసు, టర్కీ కొండల మొక్క. మన చలి దానికి ఏ మూలకి? వానలు పట్టుకున్నాక మొదలంటా కుళ్ళింది. చాలా బాధేసింది. ఇప్పుడా తొట్టిలో నాచుపూలు వేశాను.

ఆబ్రియేటా పువ్వును దగ్గరగా చూశావా? నాలుగే రేకులు. చిన్నప్పుడు పోపులడబ్బాలోంచి ఆవాలు తీసి తొట్టిలో చల్లి పూయించావే, అచ్చం ఆ పువ్వు పోలికే. అది ఆవ కుటుంబమే మరి. ఫ్రాన్సులో మొక్కల బొమ్మలు వేసిన క్లోద్ ఆబ్రియే పేరే దానికి పెట్టారు. నీ రంగులపెట్టె ఇంకా అటక మీదే ఉంది, ఈసారి వచ్చినప్పుడు తీసుకెళ్ళు.

కత్తిరించాక ఫోటో పంపు. బోడిగా ఉన్నా సరే.

అమ్మ