ఏపీ స్కోరుకు క్రెడిట్ ఇస్తే చాలదు, ఏ కోర్సుకో చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో మన పిల్లల చదువుల గురించి తెలుగు పత్రికల్లో వచ్చే వార్తల్లో పేరున్న విశ్వవిద్యాలయాల ప్రవేశాలకే ఎక్కువ చోటు దొరుకుతుంది. ఇంటి దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, ఆ తర్వాత విశ్వవిద్యాలయానికి మారే పిల్లలు కూడా మన తెలుగు కుటుంబాల్లో ఉన్నారు. మా అబ్బాయి అలాంటివాడే. వాడి విషయంలో మాకు ఎదురైన ఇబ్బంది మరికొందరికి ఎదురుకాకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఏపీ అంటే ఇక్కడ అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. హైస్కూల్లో ఉండగానే కాలేజీ మొదటి ఏడాది స్థాయి పాఠాలు చదివి, మే నెలలో కాలేజ్ బోర్డు పెట్టే పరీక్ష రాస్తే, జులైలో 1 నుంచి 5 వరకు ఒక స్కోరు వస్తుంది. ఒక్కో పరీక్షకు ఫీజు దాదాపు 100 డాలర్లు. మన దగ్గర పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరినట్టే, ఈ స్కోరు చూపించి ఇక్కడి పిల్లలు కాలేజీలో కొన్ని కోర్సులు మళ్లీ చదవకుండా ముందుకు వెళ్లవచ్చు.

కాలిఫోర్నియాలో ఈ విషయంలో ఒకప్పుడు ఒక్కో కమ్యూనిటీ కాలేజీది ఒక్కో పద్ధతిగా ఉండేది. 2016లో వచ్చిన ఏబీ 1985 (అసెంబ్లీ బిల్లు నంబరు 1985) చట్టం వల్ల 3 గానీ, అంతకు మించి గానీ స్కోరు తెచ్చుకున్న విద్యార్థికి రాష్ట్రంలోని కమ్యూనిటీ కాలేజీలన్నీ ఒకే తీరుగా క్రెడిట్ ఇవ్వాలన్న, అంటే ఆ చదువును డిగ్రీకి కావాల్సిన యూనిట్ల లెక్కలో కలుపుకోవాలన్న విధానం ఏర్పడింది. టెక్సస్, ఇల్లినాయి రాష్ట్రాలు ఇలాంటి చట్టాలను అంతకు ఏడాది ముందే చేశాయి; టెక్సస్‌లో మాత్రం తగిన ఆధారం ఉంటే ఎక్కువ స్కోరు అడిగే వెసులుబాటును కాలేజీలకు ఉంచారు. ఈ చట్టాలు మంచివి. ఒక పిల్లవాడు ఒకే పరీక్షలో ఒకే స్కోరు తెచ్చుకుని, ఏ ఊళ్లో ఉంటున్నాడన్న దాన్ని బట్టి క్రెడిట్ పొందడమో పోగొట్టుకోవడమో న్యాయం కాదు.

అయితే క్రెడిట్ ఇవ్వడం వేరు, ఒక కోర్సుకు బదులుగా ఇవ్వడం వేరు. మా అబ్బాయికి ఏపీ కంప్యూటర్ సైన్స్‌లో 4 వచ్చింది. కాలేజీలో చేరిన కొన్ని వారాలకు ట్రాన్‌స్క్రిప్ట్ తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. ఆ స్కోరుకు ఎదురుగా 3 యూనిట్లు, పక్కనే ‘ఎలెక్టివ్’ అని ఉంది. అంటే యూనిట్లు లెక్కలోకి వస్తాయి గానీ, తప్పనిసరి కోర్సు దేనికీ అవి బదులు కావు. ఆ ఏపీ పరీక్ష జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉంటుంది, ఆ కాలేజీ మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు సీ ప్లస్ ప్లస్‌లో ఉంటుంది, అందువల్ల ఇది దానికి సాటి కాదని కాలేజీవారు అన్నారు. వేరియబుల్ అంటే ఏమిటి, లూప్ అంటే ఏమిటి అన్న దగ్గర్నుంచి వాడు ఒక సెమిస్టరంతా మళ్లీ కూర్చున్నాడు. యూనిట్‌కు 46 డాలర్ల చొప్పున కట్టిన ఫీజు కన్నా, దాని తర్వాత చదవాల్సిన డేటా స్ట్రక్చర్స్ కోర్సు ఒక సెమిస్టర్ వెనక్కి పోవడమే మాకు ఎక్కువ బాధ కలిగించింది. తెలిసిన విషయాన్ని స్కోరుతో చూపించి, మొదటి కోర్సు చేయకుండానే పై కోర్సులో చేరేందుకు అనుమతి కోరే ‘ప్రిరిక్విజిట్ చాలెంజ్’ అనే దరఖాస్తు ఒకటి ఉంటుందని మాకు తెలిసేసరికి తరగతులు సగం అయిపోయాయి. చేరేటప్పుడు కౌన్సెలర్‌ను రెండుసార్లు కలిశాం, ఆ మాట ఎవరూ చెప్పలేదు.

అధ్యాపకుల వైపు వాదనను నేను తోసిపుచ్చడం లేదు. కాల్‌క్యులస్‌లో 3 తెచ్చుకున్న విద్యార్థిని నేరుగా రెండో కాల్‌క్యులస్‌లో కూర్చోబెడితే తడబడవచ్చన్న వారి భయం నిజమైనదే. అలాంటప్పుడు మొదటి కోర్సు మరోసారి చేయమని సలహా ఇవ్వాలి; సలహా విన్నాక నిర్ణయం విద్యార్థికి వదలాలి. ఎలెక్టివ్ అని రాసి ఊరుకుంటే ఆ సలహా ఇచ్చినట్టూ కాదు, స్కోరును గౌరవించినట్టూ కాదు.

విశ్వవిద్యాలయానికి మారేటప్పుడు మరో చిక్కు ఉంది. కమ్యూనిటీ కాలేజీ ఇచ్చిన క్రెడిట్ యథాతథంగా వెంట వస్తుందని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు, మేమూ అలాగే అనుకున్నాం. నిజానికి కాలేజ్ బోర్డు నుంచి అధికారిక స్కోరును కొత్త విశ్వవిద్యాలయానికి మళ్లీ పంపించాలి, అక్కడ వారి నిబంధనల ప్రకారం వారు మళ్లీ లెక్క చూస్తారు. కమ్యూనిటీ కాలేజీలో 3 సరిపోయిన చోట కొన్ని ఇంజినీరింగ్ విభాగాలు 4 లేదా 5 అడుగుతాయి. కాలిఫోర్నియాలో 2025 నుంచి అమల్లోకి వచ్చిన కాల్‌జెట్‌సీ అనే, విశ్వవిద్యాలయానికి మారేవారి కోసం పెట్టిన ఉమ్మడి సాధారణ విద్య ప్రణాళికలో ఏపీ ఇంగ్లిష్ స్కోరుతో రచనా కోర్సు తీరిపోతుంది గానీ, విమర్శనాత్మక ఆలోచన కోర్సు, ప్రసంగం కోర్సు మాత్రం కాలేజీలో చదవాల్సిందే. నర్సింగ్ వైపు వెళ్లాలనుకునే పిల్లలు మరింత జాగ్రత్తగా చూసుకోవాలి, ఎందుకంటే ఏపీ బయాలజీలో ఎంత స్కోరు వచ్చినా అనాటమీ, ఫిజియాలజీ కోర్సులు దానితో తీరవు.

ప్రతి కాలేజీ ఒక చిన్న పట్టికను ఆగస్టులో తరగతులు మొదలవక ముందే, విద్యార్థి కోర్సులు ఎంచుకునే నాటికే చేతికివ్వాలి. ఏ పరీక్షలో ఏ స్కోరుకు, తమ కాలేజీలోని ఏ కోర్సు తీరిపోతుంది, తీరకపోతే ఎందుకు, దానిపై ఏ దరఖాస్తు పెట్టుకోవచ్చు అన్నవి అందులో ఉండాలి. ఎలెక్టివ్‌గా మాత్రమే ఇచ్చే పరీక్షలకు కారణం కూడా రాయాలి. అధ్యాపకులు తమ సిలబస్‌ను ఏపీ సిలబస్ పక్కన పెట్టుకుని ఒక్కసారి కూర్చుంటే అయ్యే పని ఇది.

మీ పత్రిక ప్రవాస పేజీల్లో జులైలో స్కోర్లు వచ్చే సమయానికి ఈ వివరాలను ఒకసారి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఇక్కడి తల్లిదండ్రుల్లో ఇంగ్లిష్ కాలేజీ క్యాటలాగు చదవడం కష్టమైనవారు ఉన్నారు, వారికి తెలుగులో చదివిన మాట గుర్తుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఫ్రీమాంట్, కాలిఫోర్నియా