నాయనకు, మన మారుతి బండి గురించి

షువైఖ్, కువైట్
డిసెంబరు

నాయనా,

నేను బాగుండా. ఈడ చలి మొదలైంది. పొద్దున్నే గరాజుకు పోయేటప్పుడు స్వెట్టరు లేకుండా బయటికి రాలేకపోతాండాం. అమ్మ కాళ్ల నొప్పులు ఎట్లుండాయి?

పోయిన మంగళవారం అమ్మను రిమ్స్ ఆసుపత్రికి తీసుకపోతాంటే ఏడు రోడ్ల కాడ బండి మూడుసార్లు ఆగిపోయిందని తమ్ముడు చెప్పినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. వెనక బస్సు హారన్ కొడతాంటే అమ్మ దిగి రోడ్డు పక్కన నిలబడిందంట. ఫోన్లో చెప్తే సగం వినపడదు, మళ్లీ చూసుకునేకి ఉండదు. అందుకే కాగితం మీద రాస్తాండా. దీన్ని బండిలోనే పెట్టుకో.

తమ్ముడు పంపిన వీడియో చాలాసార్లు విన్నా. ఆ బండి గొంతు నాకు తెలుసు గదా. నేను మొదటిసారి ఈడికి బయలుదేరినప్పుడు తెల్లారుజామున నాలుగింటికి నన్ను కడప స్టేషన్లో దింపింది అదే. నువ్వు రెండు వేళ్లతో చోక్ నాబు గుంజి తాళం తిప్పినావు, అమ్మ వెనక సీట్లో నా సంచి పట్టుకుని కూర్చుంది. అప్పుడు మన ఎర్రముక్కపల్లె నుంచి స్టేషన్ దాకా ఒక్కసారి కూడా నత్తిగొట్టలేదు.

ఇప్పుడు వీడియోలో తాళం తిప్పంగానే ఇంజన్ వెంటనే అందుకుంది. అంటే బ్యాటరీ, సెల్ఫ్ బాగుండాయి, స్పార్కు వస్తాంది, పెట్రోలు అందుతాంది. నిమిషం లోపల శబ్దం సన్నబడి, బానెట్ వణికి, ఆగిపోయింది. రెండోసారి నువ్వు యాక్సిలరేటర్ తొక్కిపట్టినంతసేపు ఆగలేదు. పది నిమిషాలు తిరిగినాక ఏ బాధా లేదని తమ్ముడు అంటాండాడు. ఇట్లాంటి బండికి కొత్త బ్యాటరీ, కొత్త ప్లగ్గులు వేయించడం అనవసరం. ఖర్చయిన డబ్బులు పోనీలే. అవన్నీ మార్చినాక కూడా అమ్మ రోడ్డు మీద నిలబడాల్సి వచ్చింది చూడు, అదే నాకు కష్టంగా ఉంది.

మెకానిక్‌కు రోగం దొరకకపోయేదానికి ఒక కారణం ఉంది. నువ్వు బండిని షెడ్డు దాకా తోలుకపోయేసరికి ఇంజన్ కాగి ఉంటుంది. ఆయప్ప బానెట్ ఎత్తేటప్పటికి అది నిమ్మళంగా ఆడతాంటుంది. ఈ రోగం పొద్దున ఒక్కసారే కనపడుతుంది, ఆ కాసేపటిలో పట్టుకోకపోతే మళ్లీ మర్నాటి దాకా ఆగాల్సిందే. కాబట్టి రాత్రికి బండిని షెడ్డులోనే వదిలి, పొద్దున ఆయప్ప చేతనే స్టార్ట్ చేయించు. లేదంటే ఆయప్పనే పొద్దున్నే ఇంటికి పిలిపించు.

దీన్ని మేము చలి ఇంజన్ రోగం అంటాం. చలి ఇంజన్ అంటే చలికాలమని కాదు, రాత్రంతా ఆగి చల్లబడిన ఇంజన్ అని. పెట్రోలు ఆవిరైతేనే సరిగ్గా మండుతుంది. గాలి, పెట్రోలు ఇంజన్ లోపలికి పోయే గొట్టాన్ని మానిఫోల్డ్ అంటారు. చల్లటి మానిఫోల్డ్‌లో అది సగం గోడలకే అంటుకుని పోతుంది, పెనం కాగకముందే దోసె పోసినట్టు. కాగిన ఇంజన్‌కు బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు దాదాపు 15 పాళ్లు గాలి సరిపోతుంది, చల్లటి దానికి పెట్రోలు పాలు చానా ఎక్కువ కావాల. గాలి దారి మూసి ఆ ఎక్కువ పెట్రోలు గుంజేదే చోక్.

నాకు మొదటి అనుమానం చోక్ కేబుల్ మీదే. వీడియోలో నువ్వు నాబు గుంజేటప్పుడు అది బరువు లేకుండా జారినట్టు వచ్చింది. ఇంజన్ ఆపి, చల్లగా ఉన్నప్పుడు ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీసి పక్కన పెట్టు. లోపల గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్ గొంతులో రూపాయి బిళ్ల మాదిరి ఇత్తడి రేకు ఉంటుంది. తమ్ముణ్ణి నాబు పూర్తిగా గుంజమని, నువ్వు ఆ రేకును చూడు. గొంతు మొత్తం మూసుకోవాల. పక్కన సందు కనపడితే కేబుల్ సాగిందనో, క్లిప్పు జారిందనో అర్థం. స్క్రూ వదులు చేసి, కేబుల్ గుంజి బిగిస్తే సరిపోతుంది. రేకు ఇరుసు కాడ నల్లటి జిడ్డు పట్టి ఉంటే కార్బురేటర్ క్లీనర్‌తో కడిగించు. నాబు గుంజినప్పుడు కింద యాక్సిలరేటర్ లివర్ కూడా రవ్వంత కదలాల, అది కదలకపోతే చల్లటి ఇంజన్ నిలబడదు.

ఆగిపోయిన వెంటనే ఒక ప్లగ్గు విప్పి చూడమను. తడిగా, పెట్రోలు వాసన వస్తాంటే పెట్రోలు ఎక్కువైంది. పొడిగా ఉంటే తక్కువైంది. మనది పొడిగానే ఉంటుందని నా నమ్మకం.

రేకు బాగా మూసుకుంటాంటే ఇంగ కార్బురేటర్ చుట్టూ ఉండే రబ్బరు ట్యూబులు చూడాల. అవి పగిలితే బయటి గాలి లోపలికి పోయి పెట్రోలు పాలు తగ్గుతుంది. మన బండి 1996 మోడల్, ట్యూబులు ఎప్పుడు మార్చినామో నాకు గుర్తు లేదు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తాంది, అది పాత రబ్బరును పాడు చేస్తుంది, గాలితో పోలిస్తే పెట్రోలు పాలు తగ్గినట్టు కూడా చేస్తుంది. ఒక్కో ట్యూబు వేళ్లతో వంచి చూడు, పగుళ్లు వంచినప్పుడే కనపడతాయి. ఇంజన్ ఆడతాంటే స్ప్రే బాటిల్‌తో ట్యూబు అతుకుల మీద నీళ్లు కొంచెం చల్లు. శబ్దం మారిన చోటే గాలి లాగుతాంది. స్పార్కు వైర్ల మీద పడనీయొద్దు. మనోళ్లు కొందరు పెట్రోలు చల్లి చూస్తారు, దండం పెడతా, అది మాత్రం వద్దు.

ఇంకొకటి. ఎండలకు వేడెక్కుతుందని మన పక్క థర్మోస్టాట్, అంటే ఇంజన్ కాగేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనీయని మూత, పీకేయడం అలవాటు. మన బండిలో ఉందా అని అడుగు. అది ఉంటే స్టార్ట్ చేసిన కాసేపటి దాకా రేడియేటర్ పై గొట్టం చల్లగా ఉండి, ఒక్కసారిగా కాగుతుంది. లేకపోతే మొదటి నుంచీ మెల్లగా కాగుతూనే ఉంటుంది, ఇంజన్ వెచ్చబడేదానికి చానా సేపు పడుతుంది. చెయ్యి పెట్టేటప్పుడు ఫ్యాను ఉన్నట్టుండి తిరుగుతుంది, జాగ్రత్త. మన షెడ్డు తలుపు మూసి బండి ఆడించొద్దు. ఆ పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది.

రేకు మూసుకునేది, తెరుచుకునేది తమ్ముణ్ణి దగ్గరగా వీడియో తీయమను. శుక్రవారం నాకు సెలవు, పొద్దున్నే చూస్తా. ట్యూబుల లోపలి కొలత కూడా స్కేలు పెట్టి తీయించు. సంక్రాంతికి మన పక్క వీధి ఆయప్ప ఊరికి వస్తాండాడు, నాలుగు మీటర్లు మంచి ట్యూబు ఆయప్పతో పంపిస్తా. అందాక మంగళవారాలు అమ్మను ఆటోలో తీసుకపో, డబ్బులు నేను వేస్తా.

నీ పెద్దకొడుకు