బాలామృతం ప్యాకెట్టుతో పాటు ఒక గిన్నె కూడా ఇవ్వండి

తెలంగాణ మహిళా శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

వయసుకు తగ్గ ఎత్తు లేని అయిదేళ్ల లోపు పిల్లలు 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 28 శాతం. 2019-21 సర్వే నాటికి 33.1 శాతమయ్యారు. అంగన్‌వాడీల ద్వారా చిన్నపిల్లలకు బాలామృతం అనే పోషకాహార పొడి, గుడ్లు ఇస్తున్న కాలంలోనే ఇలా జరిగింది. సరుకు ఇల్లు చేరినా, ఎంత పెట్టాలో, ఎలా పెట్టాలో తల్లికి ఎవరూ చేసి చూపించడం లేదు.

ఆరు నెలలు నిండాక మెత్తగా పెట్టాలని ఏ తల్లినడిగినా చెబుతుంది. చిక్కంతా ఆ ‘మెత్తగా’ దగ్గరే. గొంతుకు అడ్డం పడుతుందన్న భయంతో పప్పు మీది తేట, చారు, పలచటి జావ పడతారు. ఎనిమిది కిలోల బిడ్డ పొట్టలో ఒక్కసారికి పట్టేదే పావు లీటరు. అది నీళ్లతో నిండితే బిడ్డ హాయిగా నిద్రపోతుంది గానీ ఎదగదు. చెంచా వంచినా జారిపోనంత చిక్కగా ఉండాలి. మెదిపిన పప్పన్నంలో చిన్న చెంచాడు నూనో నెయ్యో కలిపితే 45 కేలరీలు పెరుగుతాయి. గుడ్డు ఏడాది దాకా అరగదంటారు. ఉడికించి మెదిపి ఆరు నెలలు నిండాక పెట్టొచ్చు.

మొదట రెండు మూడు చెంచాలు. ఎనిమిదో నెలకల్లా పావు లీటరు గిన్నెలో సగం, రోజుకు రెండు మూడు సార్లు. తొమ్మిదో నెల నుంచి అదే సగం గిన్నె మూడు నాలుగు సార్లు. ఏడాది దాటాక ముప్పావు నుంచి నిండు గిన్నె. తల్లిపాలు రెండేళ్లు, ఆపైనా ఇవ్వొచ్చు. విరేచనాలైతే తిండి మానిపించడం పెద్ద పొరపాటు. ఓఆర్ఎస్, 14 రోజులు జింక్ ఇస్తూ తిండి పెడుతూనే ఉండాలి, తగ్గాక రెండు వారాలు ఒక పూట ఎక్కువ పెట్టాలి.

అందుకే మొదటి ప్యాకెట్టుతో పాటు సగానికి గీత ఉన్న పావు లీటరు స్టీలు గిన్నె ఇప్పించండి. ప్యాకెట్లిచ్చే రోజు అంగన్‌వాడీలోనే కలిపి, చెంచా వంచి చూపించాలి. వంటిల్లు అత్త చేతిలో ఉంటుంది కాబట్టి ఆమెనూ పిలవాలి. రెండున్నర కిలోల ప్యాకెట్టు రోజుకు 100 గ్రాముల చొప్పున 25 రోజులు రావాలి. ‘ఎన్నాళ్లొచ్చిందమ్మా?’ అని టీచర్ అడిగితే చాలు. వారానికే అయిపోయిందంటే ఇంట్లో అందరూ పంచుకున్నారనే లెక్క.

కొలతల సంగతీ చూడండి. రెండేళ్ల లోపు పిల్లల్ని పడుకోబెట్టే కొలవాలి. ఒకరు బిడ్డ తలను కొలత పలకకు ఆనించి పట్టుకుంటే, ఇంకొకరు మోకాళ్లు నొక్కి జరిగే పలకను పాదాలకు ఆనించాలి. టీచర్ ఒక్కరే కొలిస్తే బిడ్డ మోకాళ్లు ముడుస్తుంది, పొడవు తక్కువ పడుతుంది. పిల్లల కొలతలు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్‌లో పోయిన నెలకన్నా ఎత్తు తగ్గినట్టు కనిపిస్తే అది కొలతలో తప్పే. వెంటనే మళ్లీ కొలవమని ఆదేశించండి. ఆ అంకె తల్లికీ చెప్పాలి. రెండేళ్లు నిండిన ఆడపిల్ల నిలబెట్టి కొలిస్తే 79.3 సెంటీమీటర్లకు తక్కువుందంటే గిడసబారినట్టే. ‘మా ఇంట్లో అందరూ పొట్టే’ అని తల్లి సరిపెట్టుకోకూడదు.

వచ్చే నెల ప్యాకెట్లిచ్చే రోజుకల్లా ఈ ఉత్తర్వులు కేంద్రాలకు చేరేలా చూడగలరు.

ఇట్లు,
పిల్లల పోషణపై అంగన్‌వాడీలకు శిక్షణనిచ్చే కార్యకర్తలం