కడుపు కొయ్యలేదని క్లెయిమ్ కొట్టేస్తారా, ఇదేటండి?

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: మా నాన్న రెండో అడ్మిషన్ క్లెయిమ్ ఇవ్వం అన్నారు, దాని గురించి

నమస్కారమండి. మాది శ్రీకాకుళం జిల్లా, ఆమదాలవలస దగ్గర ఊరు. ఎనిమిదేళ్ల బట్టి మా నాన్న పేరు మీద హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం ఒక్క ఏడాది కూడా తప్పకుండా కడుతున్నాం. మీరు పంపిన లెటర్‌లో ఉన్నవి రెండే ముక్కలు, పేషెంట్ 24 గంటలు ఆస్పత్రిలో లేడు, ఆపరేషన్ జరగలేదు, కాబట్టి 1,38,600 ఇవ్వం అని.

అసలు జరిగింది చెప్తాను. నాన్నకి గాల్ బ్లాడర్ 2011లోనే తీసేశారు, అయినా మొన్న చలిజ్వరం వచ్చి కళ్లు పచ్చబడిపోయాయి. పక్కింటోళ్లు కామెర్లకి పసరు పోయించమన్నారు, వాళ్ల మాట వినుంటే మీకు ఈ లెటర్ రాసే పని ఉండేది కాదేమో. స్కాన్ తీస్తే లివర్ నుంచి పేగులోకి పైత్యరసం దిగే గొట్టంలో 19 మిల్లీమీటర్ల రాయి అడ్డం పడుంది. గాల్ బ్లాడర్ లేనోళ్లకి కూడా అక్కడ రాయి కడుతుందట.

వైజాగ్‌లో ఈఆర్‌సీపీ చేశారు. నోట్లోంచి ట్యూబ్ దింపి, ఆ గొట్టం మూతి కొంచెం కోసి, వైర్ బుట్టతో రాయిని లాగబోతే అది పెద్దదై బయటికి రాలేదు, పైత్యరసం దిగడానికి ప్లాస్టిక్ స్టెంట్ వేసి ఇన్ఫెక్షన్ తగ్గాక రమ్మన్నారు. ఆ నాలుగు రోజులకీ డబ్బులిచ్చారు, కాదనను. మూడు వారాలకి మళ్లీ వంద కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి వెళ్లాం. ఈసారి సన్నటి కెమెరా నేరుగా ఆ గొట్టంలోకే పంపి రాయిని చూస్తూ లేజర్‌తో ముక్కలు చేసి, బెలూన్‌తో పేగులోకి తోసేశారు. పొద్దున్న 9కి చేర్చితే మర్నాడు 7కి ఇంటికి పంపేశారు, ఇంటికొచ్చి ఇడ్లీ తిన్నాడు.

అంటే రాయి తీయలేకపోయినది ఆపరేషన్, తీసింది ఆపరేషన్ కాదు, అంతేనా? కడుపు కోసి వారం రోజులు పడుకోబెడితే మీరు ఇంతకంటే ఎక్కువే ఇచ్చేవారు కదండి! పోనీ ఇదేదో కొత్త ప్రయోగమా అంటే నోటి దారిన వెళ్లి ఆ మూతి కోసి రాళ్లు తీయడం 1974 నుంచే జపాన్‌లో, జర్మనీలో మొదలెట్టారు.

మీ పాలసీ పుస్తకంలోనే డే కేర్ అని ఉంది చూడండి, మత్తిచ్చి చేసే వైద్యం, కొత్త టెక్నాలజీ వల్ల 24 గంటల్లోపే అయిపోయేది, లేకపోతే ఎక్కువ రోజులు ఉండాల్సొచ్చేది అని. మత్తు డాక్టర్ బిల్లు మీకిచ్చిన కాగితాల్లోనే ఉంది. ఇదే పుస్తకంలో సర్జరీ అంటే కడుపు కొయ్యాలని ఎక్కడుందో ఆ పేజీ నంబర్ చెప్పండి చాలు.

ఇది తిరిగి చూసి మొత్తం డబ్బు ఇవ్వండి. నెలలోపు జవాబు రాకపోయినా, మళ్లీ ఇదే పాట పాడినా హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తాను, దానికి ఫీజు కూడా లేదు. డిశ్చార్జ్ సమ్మరీ, రెండు ఈఆర్‌సీపీ రిపోర్టులు జిరాక్స్ తీసి జత చేశాను. ఒరిజినల్స్ మీ దగ్గరే ఉన్నాయి, మళ్లీ పంపమనకండి.

ఇట్లు,
పాలసీదారు కొడుకు